తెచ్చేది ఒక పూట – సాదేది పన్నెండేండ్లు

కుక్క విశ్వాసం గల జంతువు. ఈ మాట అందరికీ తెలుసు. పిల్లి తిరిగే ఇంట్లో ఎలుకలు నిలవవు. ఈ మాటా తెలుసు. మన దిక్కు గొర్ల మంద వెంట కుక్క లేకుండా గొల్లాయన బయలుదేరడు. వాకిట్లో కుక్క పడుకుంటే ఇంటిల్లిపాదీ నిమ్మళంగా నిద్రపోతారు.

అయితే కుక్కను గానీ, పిల్లిని గానీ ఇంటికి తెచ్చుకునే ముందు ఏమేం చూడాలి? ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? తెచ్చినాక మొదట చేయవలసిన పని ఏమిటి? ఈ సంగతులు చాలామందికి తెలియవు. తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. తెలియక నోరులేని జీవాన్ని రోడ్డున పడేసినవాళ్ళూ ఉన్నారు.

ఈ పాఠంలో మూడు ఇండ్ల కథలు ఉన్నాయి. ఒక ఇల్లు సూర్యాపేటలో, ఒకటి కోదాడలో, ఒకటి మిర్యాలగూడలో ఉన్నాయనుకుందాం. కథలు ఊహించినవే. కానీ ఇటువంటివి ఏ ఊళ్ళోనైనా జరుగుతాయి. కథల పక్కన చెప్పిన విషయాలు మాత్రం నిజమైనవి. జాగ్రత్తగా చదవండి. చదవడం రాని వారికి చదివి వినిపించండి.

1. సంచిలో వచ్చిన కుక్కపిల్ల

సూర్యాపేటలో వాన పడుతోంది. బడి విడిచినాక ఒక పిలగాడు ఇంటికి వచ్చాడు. చేతిలో బియ్యం సంచి ఉంది. సంచి కదులుతోంది.

"ఏందిరా అది?" అని తల్లి అడిగింది. ఆమె కూరగాయల బండి సర్దుతోంది.

"కుక్కపిల్లనే అమ్మా! బస్టాండు ఎనక మోరీ కాడ దొరికింది. దీని తల్లి కనబడలే. వానకు తడుస్తుంది. మనం సాదుకుందామే!"

నల్లని పిల్ల. తెల్లని కాళ్ళు. గజగజ వణుకుతోంది. తల్లి మనసు కరిగింది. "సరే, ఈ పూటకు ఉండనియ్యి" అన్నది.

ఆ ఒక్క పూట వారం అయింది. వారం నెల అయింది. పిల్లకు రాజు అని పేరు కూడా పెట్టారు. కానీ దాన్ని పశువుల దవాఖానకు మాత్రం ఎవరూ తీసుకపోలేదు. "ఇంత చిన్న పిల్లకు సూది ఎందుకు?" అనుకున్నారు.

ఒకనాడు పిలగాడు రొట్టె ముక్క చూపించి కుక్కపిల్లను ఎగిరిస్తున్నాడు. దాని పన్ను వాని చేతికి దిగింది. రెండు చుక్కల రక్తం వచ్చింది. అమ్మ కొడుతుందని వాడు చెప్పలేదు. అంగీ చేయి కిందికి దించుకున్నాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు నాయనమ్మ ఆ గాటు చూసింది.

"ఏం కాదు. జర కారం, సున్నం కలిపి పెట్టు. పొద్దున పసరు కట్టిద్దాం. మా కాలంల గట్లనే జేసేటోళ్ళం" అన్నది.

అప్పుడే పక్కింటామె వచ్చింది. ఆమె సాయంత్రం చదువుల కేంద్రానికి పోతుంది. కిందటి నెల పెద్ద దవాఖానకు పోయినప్పుడు గోడ మీది బోర్డును కూడబలుక్కొని చదివింది. అది ఆమెకు గుర్తుంది.

"అత్తమ్మా, కారం పెట్టకు! ముందు సబ్బుతో కడగాలె. వదినె, నువ్వు పిలగాన్ని నల్లా కాడికి తీసుకరా."

"చిన్నపిల్లనే గద వదినె! దానికి పిచ్చి ఎక్కడిది?" అన్నది తల్లి.

"చిన్నదా, పెద్దదా అని రోగం చూస్తదా? దాని తల్లి ఎవరో, దాన్ని ఏ కుక్క కరిచిందో మనకు ఎరుకనా?"

తల్లికి గుండె గుభేలుమన్నది. నల్లా విప్పారు. పదిహేను నిమిషాలు సబ్బు రాసి కడిగారు. వెంటనే సర్కారు దవాఖానకు పోయారు.

డాక్టరు గాయం చూశారు. పిలగానికి సూది వేశారు. ఒక చీటీ ఇచ్చారు. చీటీ మీద నాలుగు అంకెలు ఉన్నాయి: 0, 3, 7, 28.

"సున్నా అంటే ఏంది సార్?" అని తల్లి అడిగింది.

"సున్నా అంటే ఈ రోజు. మొదటి సూది రోజు. ఇక్కడి నుంచి లెక్క పెట్టుకోవాలి. ఒక్క తారీఖు కూడా తప్పవద్దు" అని డాక్టరు చెప్పారు.

ఆనాడు జూన్ 1. తల్లి ఇంటికి వచ్చి క్యాలెండరు తీసింది. వేళ్ళ మీద లెక్క పెట్టింది. జూన్ 4, జూన్ 8, జూన్ 29. ఆ మూడు తారీఖుల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టింది. బండి నడవకపోయినా సరే, ఆ మూడు రోజులూ దవాఖానకు పోయింది.

కుక్కపిల్లను ఎవరూ చంపలేదు. ఎక్కడా విడిచిపెట్టలేదు. పది రోజులు వాకిట్లోనే కట్టి ఉంచి, చూస్తూ ఉన్నారు. అన్నం తింటున్నదా? నీళ్ళు తాగుతున్నదా? చొంగ కారుతున్నదా? పది రోజుల తర్వాత కూడా అది తోక ఊపుతూనే ఉంది. మూడు నెలల వయసు రాగానే దానికీ రేబిస్ టీకా వేయించారు. ఆ చీటీని కూడా పిలగాని చీటీ పక్కనే దాచిపెట్టారు.

కుక్క గానీ, పిల్లి గానీ కరిస్తే, గీరితే ఏం చేయాలి?

• గాయాన్ని వెంటనే పారే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రోగం పురుగు కుక్క చొంగలో ఉంటుంది. సబ్బు దాన్ని చాలా వరకు చంపుతుంది.

• కారం, సున్నం, పసుపు, కిరసనాయిలు, పసరు ఏదీ పెట్టవద్దు. గుడ్డ బిగించి కట్టవద్దు.

• అదే రోజు దవాఖానకు పోవాలి. సర్కారు దవాఖానలో చర్మానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో సూదులు ఇస్తారు. కొన్నిచోట్ల కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులలో ఐదు సూదులు ఇస్తారు.

• రక్తం వచ్చిన గాయానికి, గాయం చుట్టూ వేసే ఇంకొక మందు కూడా అవసరం. దాన్ని సీరం అంటారు. "సీరం కావాల్నా?" అని డాక్టరును అడగాలి.

• కుక్క బాగానే ఉంది కదా అని సూదులు మన అంతట మనం ఆపవద్దు. డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

• పిల్లలకు ఒక మాట చెప్పి ఉంచాలి: "కరిస్తే దాచవద్దు. మేము కొట్టం." ఈ ఒక్క మాట ప్రాణం కాపాడుతుంది.

2. పద్నాలుగు సూదుల భయం

కుక్క కాటు అనగానే పెద్దవాళ్ళు ఇంకా భయపడతారు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తరు" అంటారు. ఆ భయంతోనే కొందరు దవాఖానకు పోకుండా తాయెత్తు కట్టిస్తారు. ఇది చాలా ప్రమాదం.

పద్నాలుగు సూదుల మాట అబద్ధం కాదు. అది పాత కాలం మాట. గొర్రె మెదడు నుంచి తయారు చేసిన పాత మందును పొట్ట మీద వేసేవారు. 2005 నాటికి మన దేశంలో ఆ మందు ఆపేశారు. ఇప్పుడు సూది వేసేది చేతికి. సూదులు నాలుగో, ఐదో.

ఈ టీకా కథ 1885లో మొదలైంది. ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆ ఏడాది జూలై 6న ఒక తల్లి తన తొమ్మిదేండ్ల కొడుకును తీసుకొని ఆయన దగ్గరకు వచ్చింది. పిలగాన్ని పిచ్చికుక్క చాలా చోట్ల కరిచింది. పాశ్చర్ తాను కనిపెట్టిన టీకాను మొదటిసారి ఆ పిలగానికి ఇప్పించాడు. పిలగాడు బతికాడు. మన దక్షిణ భారతదేశంలో కూడా 1907లో నీలగిరి కొండలలోని కూనూరులో పాశ్చర్ పేరు మీద ఒక సంస్థ వెలిసింది. ఇప్పుడు మనుషులకూ, కుక్కలకూ వేసే రేబిస్ టీకాలు మన హైదరాబాదులోనే తయారవుతున్నాయి. 1982లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ వాటిని తయారు చేస్తుంది.

రేబిస్ పురుగు గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. దీనికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. మెదడుకు చేరకముందే టీకా పని చేయాలి. నీళ్ళు చూస్తే భయం, గొంతు పట్టేయడం వంటి లక్షణాలు కనబడితే ఇక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ రోగంతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో వందకు నలభై మంది పదిహేనేండ్ల లోపు పిల్లలే.

పాశ్చర్ మొదటి టీకా ఇప్పించిన జూలై 6ను జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల దినంగా జరుపుతారు. ఆ రోజు మన రాష్ట్రంలో పశువుల దవాఖానలలో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. ఈ తారీఖు గుర్తు పెట్టుకోండి.

3. రోడ్డు పక్కన ఎదురుచూసిన కుక్క

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు కోదాడ మీదుగా పోతుంది. ఆ రోడ్డు పక్కన ఒక ఆమెకు బట్టలు కుట్టే దుకాణం ఉంది.

ఒకనాడు పొద్దున దుకాణం తెరిచేసరికి ఎదురుగా తెల్లని కుక్క కూర్చొని ఉంది. ఒళ్ళంతా బొచ్చు. మెడకు ఎర్ర పట్టీ. కారు వస్తే చాలు, లేచి నిలబడుతుంది. కారు ఆగకుండా పోతే మళ్ళీ కూర్చుంటుంది. రెండు రోజులు అదే పని. అన్నం వేసినా ముట్టలేదు.

సంగతి తరువాత తెలిసింది. ఊళ్ళో కిరాయికి ఉన్న ఒక కుటుంబం దాన్ని కొడుకు పుట్టినరోజుకు కొన్నారు. రెండేండ్లు బాగా సాదారు. ఆయనకు బదిలీ అయింది. కొత్త ఇంటి ఓనరు "కుక్క ఉంటే ఇల్లు ఇయ్య" అన్నాడు. పోయే రోజు రాత్రి కుక్కను రోడ్డు మీద దింపి పోయారు.

కుట్టుపని ఆమె మనసు ఊరుకోలేదు. భర్తతో చెప్పింది. ఆయన ఆటో నడుపుతాడు.

"మనకే జాగ లేదు. కుక్కను ఎక్కడ పెడ్తవ్?" అన్నాడు ఆయన.

"రాత్రి ఇంటి కాడ వరండల, పొద్దంత దుకాణంల. గిన్నె అన్నం మన ఇంట్ల మిగలదా?"

"అన్నం ఒక్కటే కాదు. సూదులకు ఎవరు తీసుకపోతరు? మనం ఊరికి పోతే ఎవరు చూస్తరు? ఓనరు ఒప్పుకుంటడా?"

ఆయన అడిగినవి మంచి ప్రశ్నలే. ఇద్దరూ మూడు రోజులు మాట్లాడుకున్నారు. ఇంటి ఓనరును అడిగారు. పండుగకు ఊరికి పోయినప్పుడు చూస్తానని ఆమె చెల్లె ఒప్పుకున్నది. అప్పుడే కుక్కను తెచ్చుకున్నారు. తెచ్చిన రోజే ఆటోలో పశువుల దవాఖానకు తీసుకపోయారు. డాక్టరు దాని చెవుల వెనక పిడుదులు తీసి మందు ఇచ్చారు. పాత టీకా చీటీ లేదు గనుక కొత్తగా టీకా వేశారు.

మొదట అది కుట్టు మిషను కింద నుంచి బయటికి రాలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. గిన్నె పెట్టి పక్కకు జరిగేవారు. పెద్ద కుక్కను తెచ్చుకుంటే ఇట్లాగే ఓపిక పట్టాలి. అందాజుగా చెప్పాలంటే మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు ఇది నా ఇల్లే అన్న ధైర్యం.

తెలుసుకోండి: మన దేశంలో 1960 నుంచి జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం ఉంది. సాదుకున్న జీవాన్ని ఆకలికీ, దప్పికకూ వదిలేసి పోవడం ఆ చట్టం ప్రకారం నేరం. పొట్టి గొలుసుతో పొద్దస్తమానం కట్టి ఉంచడం కూడా నేరమే.

నిజంగా సాదలేని పరిస్థితి వస్తే ఏం చేయాలి? ముందుగానే చుట్టాలను, స్నేహితులను అడగాలి. జంతువుల ఆశ్రయంతో మాట్లాడాలి. బాగా చూసే ఇంటికి, టీకా చీటీతో సహా అప్పజెప్పాలి. రాత్రిపూట రోడ్డు మీద దింపితే అది బతకదు. బతికినా, ఆకలికి వీధి కుక్కల గుంపులో కలుస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేండ్ల బాబు చనిపోయాడు. వీధిలో కుక్కలు పెరగడానికి మనుషులు వదిలేసిన కుక్కలూ, ఆపరేషన్ చేయించని కుక్కలూ ఒక కారణం.

4. రైస్ మిల్లులో పిల్లి పిల్లలు

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. వడ్లు ఉన్న చోట ఎలుకలు ఉంటాయి. ఎలుకలు ఉన్న చోటికి పిల్లి వస్తుంది.

ఒక మిల్లులో గోనె సంచుల వెనక పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది. గుమాస్తా చూసి వాచ్‌మన్‌ను పిలిచాడు. "సంచిల ఏసి కాల్వల పడేసిరా" అన్నాడు.

వాచ్‌మన్‌కు చేతులు రాలేదు. "సార్, రెండు నెలలు ఆగుండ్రి. తల్లి పాలు మరువంగనే నేనే ఇండ్లకు ఇస్త. ఈ తల్లి పిల్లి ఉండబట్టే గద సార్, ఎలుకలు సంచులు కొరుకుతలేవు" అన్నాడు. గుమాస్తా ఆలోచించి సరే అన్నాడు.

వాచ్‌మన్ ఇంకొక మాట కూడా చెప్పాడు. "ఎలుకల మందు పెట్టొద్దు సార్. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లి కూడా సస్తది." ఇది నిజమే.

ఆయన యాభై ఏండ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్నాడు. అట్ట ముక్క మీద బొగ్గుతో రాసి మిల్లు గేటుకు కట్టాడు:

"పిల్లి పిల్లలు ఉన్నవి. పైసలు వద్దు. సాదేటోళ్ళే రావాలె."

అది ఆయన రాసిన మొదటి ప్రకటన. వచ్చిన ప్రతి వాళ్ళనూ మూడు ప్రశ్నలు అడిగాడు. "ఇంట్ల అందరికీ ఇష్టమేనా? టీకాలు ఏయిస్తరా? ఆపరేషన్ చేయిస్తరా?" నోరు నమిలినవాళ్ళకు ఇవ్వలేదు. రెండు నెలలు నిండినాక నాలుగు పిల్లలకూ నాలుగు ఇండ్లు దొరికినవి.

తల్లి పిల్లికి పశువైద్యుని దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఎందుకంటే పిల్లి కడుపు రెండు నెలలే. ఏడాదిలో రెండు మూడు ఈతలు ఈనగలదు. ఇండ్లు మాత్రం అంత తొందరగా దొరకవు.

తెలుసుకోండి: రేబిస్ కుక్కల నుంచే కాదు, పిల్లుల నుంచి కూడా వస్తుంది. పిల్లికి కూడా మూడు నెలల వయసులో టీకా వేయించాలి. గర్భిణీ స్త్రీలు పిల్లి దొడ్డికి పోయిన ఇసుకను, మట్టిని తీయకూడదు. కడుపులో బిడ్డకు చేటు చేసే రోగం దాని నుంచి రావచ్చు. ఆ పని ఇంట్లో వేరేవాళ్ళు చేయాలి.

5. ఆశ్రయం నుంచి తెచ్చుకోవడం

దిక్కులేని జంతువులను తెచ్చి, వైద్యం చేసి, సాదే చోటును జంతువుల ఆశ్రయం అంటారు. ఇటువంటి పెద్ద ఆశ్రయాలు చిన్న ఊళ్ళలో అరుదు. హైదరాబాదులో బ్లూ క్రాస్ సంస్థ ఉంది. దీన్ని 1992లో సినిమా నటి అక్కినేని అమల మొదలుపెట్టారు. సూర్యాపేట నుంచి హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్లు. బస్సు ఎక్కితే ఒక్క రోజులో పోయి రావచ్చు.

ఆశ్రయంలో కుక్కను, పిల్లిని అమ్మరు. దత్తత ఇస్తారు. బిడ్డను దత్తత ఇచ్చేవాళ్ళు ఇల్లు చూసినట్టే వీళ్ళూ చూస్తారు. గుర్తింపు కార్డు అడుగుతారు. ఇంట్లో ఎంతమంది, సొంత ఇల్లా, కిరాయి ఇల్లా అని అడుగుతారు. కాగితం మీద సంతకం పెట్టిస్తారు. టీకాలు వేయిస్తామని, ఆపరేషన్ చేయిస్తామని, వదిలేయమని ఆ కాగితంలో ఉంటుంది. అందుకే చదివి సంతకం పెట్టాలి. వేలిముద్ర రోజులు పోయినవి కదా!

ఆశ్రయం నుంచి తెచ్చుకుంటే ఒక లాభం ఉంది. ఆ జంతువును డాక్టరు ముందే చూసి ఉంటారు. దానికి ఏ టీకాలు వేశారో చీటీలో ఉంటుంది.

మన నాటు కుక్కలు ఈ ఎండకూ, ఈ తిండికీ అలవాటు పడ్డవి. చల్లని దేశాల బొచ్చు కుక్కలు నలభై డిగ్రీల ఎండకు తట్టుకోలేవు. 2025 ఆగస్టులో హైదరాబాదు మహానగర పాలక సంస్థ జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అదే నెల 22న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వీధి కుక్కను సాదుకోవాలనుకునేవారు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నది. అట్లా తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదే అని కూడా చెప్పింది. 2025 నవంబరు 7న బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసి ఆశ్రయాలకు చేర్చమని ఆదేశించింది. ఆశ్రయాలు నిండుతుంటే, వాటి నుంచి మంచి ఇండ్లకు పోయే దారి కూడా ఉండాలి. ఆ దారే దత్తత.

వీధిలో చెవి కొసన చిన్న కత్తిరింపు ఉన్న కుక్కను చూసే ఉంటారు. అది దెబ్బ కాదు. దానికి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి విడిచిపెట్టారని గుర్తు. టీకా మాత్రం మళ్ళీ మళ్ళీ వేయించాలి.

6. తెచ్చే ముందు ఒక లెక్క

నాటు కుక్క మంచిగా సాదితే పది నుంచి పద్నాలుగు ఏండ్లు బతుకుతుంది. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు నుంచి పదిహేనేండ్లు బతుకుతుంది. కుక్క తిండికి రోజుకు పది రూపాయలు అయిందనుకుందాం. లెక్క వేయండి.

నెలకు: 10 × 30 = 300 రూపాయలు
ఏడాదికి: 10 × 365 = 3,650 రూపాయలు
పన్నెండేండ్లకు: 3,650 × 12 = 43,800 రూపాయలు

టీకాలు, మందులు వేరే. ఈ లెక్క భయపెట్టడానికి కాదు. తెచ్చుకునే రోజే తెలిసి ఉండడానికి. తెలిసి తెచ్చుకున్నవాళ్ళు వదిలిపెట్టరు.

ఇంట్లో అందరూ కూర్చొని ఈ ప్రశ్నలు అడుగుకోండి:

• ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ముఖ్యంగా ఊడ్చి, వండి పెట్టే ఆడవాళ్ళకు?
• రోజూ తిండి, నీళ్ళు పెట్టేది ఎవరు?
• కిరాయి ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా?
• ఊరికి పోతే చూసేది ఎవరు?
• ఏటా టీకా వేయిస్తామా?

ఒక్క ప్రశ్నకు జవాబు దొరకకపోయినా, దొరికేదాకా ఆగండి. ఆగడం తప్పు కాదు.

7. తెచ్చిన తర్వాత

• పిల్లను రెండు నెలలు నిండేదాకా తల్లి నుంచి వేరు చేయవద్దు.
• తెచ్చిన రోజో, మరునాడో పశువైద్యునికి చూపించాలి. కడుపులో పురుగులకు నట్టల మందు తాగించాలి.
• కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో రోగానికి టీకా వేయించాలి. డాక్టరు చెప్పిన తారీఖుకు మళ్ళీ వేయించాలి. పార్వో వస్తే వాంతులు, రక్త విరేచనాలు అయి పిల్లలు రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు.
• మూడు నెలలకు రేబిస్ టీకా. తరువాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా.
• ఆరు నెలలు దాటినాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి అడగాలి.
• కుక్కకు అన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పుకారం లేని మాంసం పెట్టవచ్చు. ఉల్లిగడ్డ, చాక్లెట్, వండిన కోడి ఎముకలు పెట్టవద్దు. ఎముక ముక్కలు పేగులకు గుచ్చుకుంటాయి.
• ఎండాకాలం నీడ, చల్లని నీళ్ళు తప్పనిసరి. కుక్కకు మన లెక్క చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూనే వేడిని తగ్గించుకుంటుంది.
• చిన్నపిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదలవద్దు. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాన్ని కదిలించవద్దు.
• జంతువును ముట్టిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంట్లో పిల్లలకు టీకా కార్డు ఉన్నట్టే, కుక్కకూ పిల్లికీ ఒక కార్డు ఉండాలి. ఆ కార్డును చదవగలిగే మనిషి ఇంట్లో ఒక్కరున్నా చాలు. ఆ ఒక్కరు మీరే కావచ్చు.

చర్చించండి

1. సూర్యాపేట పిలగాడు గాయాన్ని ఎందుకు దాచాడు? మీ పిల్లలైతే మీకు చెప్తారా?
2. కోదాడలో ఆటో నడిపే ఆయన అడిగిన మూడు ప్రశ్నలు ఏవి? అవి అడగడం మంచిదేనా?
3. మిర్యాలగూడ వాచ్‌మన్ అందరికీ పిల్లలను ఎందుకు ఇవ్వలేదు?
4. మీ వీధిలో చెవి కత్తిరింపు ఉన్న కుక్కలు ఎన్ని? లేనివి ఎన్ని? లెక్కపెట్టి రండి. ఆ లెక్కతో మున్సిపాలిటీకి అర్జీ రాయండి.

ఖాళీలు నింపండి

1. కుక్క కరిస్తే సబ్బుతో ______ నిమిషాలు కడగాలి.
2. కుక్కపిల్లకు ______ నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి.
3. కుక్కలకు ఉచిత టీకాలు వేసే రోజు జూలై ______.

లెక్క చేయండి

ఒకరికి ఆగస్టు 10న మొదటి సూది వేశారు. 3, 7, 28 రోజుల సూదులు ఏ ఏ తారీఖులలో వస్తాయి? క్యాలెండరు చూసి రాయండి.

కొత్త మాటలు

దత్తత: మన ఇంటి మనిషిగా తీసుకోవడం
ఆశ్రయం: దిక్కులేనివారికి నీడనిచ్చే చోటు
టీకా: రోగం రాకుండా ముందే వేసే మందు
రేబిస్: పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రోగం